కూలీకి గాయమైంది, రైతుకు బీమా లేదు: పరిహారం ఎవరు ఇవ్వాలి?

నూర్పిడి మిషన్‌లో చెయ్యి పడ్డ కూలీ ఆసుపత్రిలో ఉంటే, ఊళ్లో రెండు వైపులా ఒకే మాట వినపడుతుంది. "బీమా ఏమీ లేదు కదా, ఇక వచ్చేదేముంది?" రైతు ఆ మాటను ధైర్యం కోసం అనుకుంటాడు. కూలీ ఇంట్లో వాళ్లు నిరాశతో అనుకుంటారు. ఇద్దరిదీ పొరపాటే. చట్ట ప్రకారం పరిహారం ఇవ్వాల్సింది పనిలో పెట్టుకున్న యజమాని. బీమా అనేది ఆ భారాన్ని తన తరఫున కంపెనీ మోసేలా యజమాని ముందుగా చేసుకునే ఏర్పాటు. ఏర్పాటు చేసుకోకపోతే భారం అతని మీదే ఉంటుంది, అతని పొలం మీద కూడా ఉంటుంది. ఈ చివరి మాట ఎందుకు అంటున్నానో కింద చెబుతాను.

ఈ విషయం ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. అందులో సామాజిక భద్రత కోడ్, 2020 ఒకటి. దాదాపు వందేళ్లుగా ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఇప్పుడు ఈ కోడ్‌లో ఒక అధ్యాయంగా కలిసిపోయింది. "పాత చట్టం పోయింది, కొత్తదానికి నిబంధనలు ఇంకా రాలేదు, కేసు నిలవదు" అని కొందరు అప్పుడే చెప్పడం మొదలుపెట్టారు. దీన్ని నమ్మవద్దు. నవంబరు 21కి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టం కిందే హక్కు ఉంటుంది. తర్వాత జరిగిన వాటికి కోడ్ వర్తిస్తుంది. మారే కాలంలో పాత నిబంధనలు, నోటిఫికేషన్లు కొనసాగుతాయని కేంద్రం ప్రకటించింది. మూల సూత్రం మాత్రం రెండింటిలోనూ ఒకటే: పని వల్ల, పని చేస్తుండగా ప్రమాదం జరిగితే తప్పెవరిదని అడగకుండా యజమాని పరిహారం ఇవ్వాలి.

ఏ కూలీకి వర్తిస్తుంది?

 ఏయే పనులు చేసేవారు దీని కిందకు వస్తారో ఒక జాబితా ఉంది. ట్రాక్టరుతో గానీ, ఇంజను, కరెంటుతో నడిచే ఇతర యంత్రాలతో గానీ జరిగే సేద్యంలో పనిచేసేవారు అందులో ఉన్నారు. యంత్రాలతో కోత, నూర్పిడి చేసేవారు, పురుగుమందులు పిచికారీ చేసేవారు, పొడి మందులు చల్లేవారు ఉన్నారు. ట్రాక్టరు, పవర్ టిల్లర్ వంటివి నడిపేవారు, మరమ్మతు చేసేవారు, బోరు వేసేవారు, బోరు మరమ్మతు చేసేవారు, చెట్లు నరికేవారు, తాటిచెట్లు గీసేవారు, పండ్ల తోటల్లో పనిచేసేవారు, చేపలు పట్టే పనిచేసేవారు కూడా ఉన్నారు. పత్తికి, మిర్చికి మందు కొడుతూ వాంతులై పడిపోయిన కూలీ ఈ చట్టం కిందకు వస్తాడని మన ప్రాంతంలో చాలామందికి తెలియదు. అలాంటి సందర్భంలో మందు డబ్బా పారేయకుండా లేబుల్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చికిత్సకూ అదే ఆధారం, కేసుకూ అదే ఆధారం.

ఇక చేత్తో నాట్లు వేసే ఆడకూలీ, కలుపు తీసే కూలీ, కొడవలితో కోసే కూలీ కూడా భూమి సాగులో పనిచేసేవారిగా ఈ జాబితా కిందకు వస్తారు. పొలంలో పాము కరిచి చనిపోయిన కలుపు కూలీ కుటుంబం కూడా ఈ దారిలో పరిహారం అడగవచ్చు. రైతు నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగిందని నిరూపించగలిగితే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. అది ఖర్చుతోనూ కాలయాపనతోనూ కూడిన పని.   

రోజు కూలీకి వర్తించదనే మాట ఒకప్పుడు కొంతవరకు నిజం. 2000 సంవత్సరంలో చేసిన సవరణతో ఆ మినహాయింపు తీసేశారు. ఒక్కరోజు పనికి వచ్చినా, ఆ రోజే ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది.

యజమాని ఎవరు?

గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. పొలం పట్టా ఎవరి పేరు మీద ఉందన్నది ముఖ్యం కాదు. పనికి పిలిచి కూలి ఇచ్చేవాడే యజమాని. కౌలు రైతు తన కూలీలతో పని చేయించుకుంటే బాధ్యత కౌలు రైతుదే. హైదరాబాదులో ఉండే పట్టాదారుది కాదు. పంజాబ్ నుంచో, పక్క జిల్లా నుంచో వచ్చిన వరికోత యంత్రాన్ని గంటల లెక్కన మాట్లాడుకుంటే, ఆ యంత్రం డ్రైవరుకు, హెల్పరుకు యజమాని యంత్రం సొంతదారే. కానీ అదే యంత్రం దగ్గర ధాన్యం ఎత్తడానికి రైతు తన కూలీలను పెడితే వారికి రైతే బాధ్యుడు. మేస్త్రి ద్వారా ముఠా వచ్చిన చోట "నేను మేస్త్రితో మాట్లాడుకున్నాను, వాళ్లెవరో నాకు తెలియదు" అని తప్పించుకోవడం కష్టం. తన వ్యాపార పనికి గుత్తకు పిలిపించుకున్న అసలు యజమాని మీద కూడా దావా వేయవచ్చని చట్టం చెబుతుంది. అతను ముందు చెల్లించి, ఆ తర్వాత మేస్త్రి దగ్గర రాబట్టుకోవాలి. బదులు పనికి వచ్చిన పక్క రైతు మాత్రం కూలీ కాడు. అక్కడ యజమాని, పనివాడు అనే సంబంధం లేదు.

ఎంత వస్తుంది?

లెక్క కష్టమైనదేమీ కాదు. నెల వేతనం, వయసు, అంగవైకల్యం శాతం తెలిస్తే చాలు. మరణానికి నెల వేతనంలో సగం, పూర్తి శాశ్వత వైకల్యానికి నెల వేతనంలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన గుణకంతో హెచ్చవేయాలి. ఆ గుణకం 25 ఏళ్లకు 216.91, 35 ఏళ్లకు 197.06, 40 ఏళ్లకు 184.17, 50 ఏళ్లకు 153.09. కూలి ఎంత ఎక్కువైనా నెలకు 15,000 రూపాయల వరకే లెక్కలోకి తీసుకుంటారు. ఈ పరిమితి 2020 జనవరి నుంచి ఉంది. అంతకుముందు 8,000 ఉండేది. పాత చట్టంలో మరణానికి కనీసం 1,20,000, పూర్తి వైకల్యానికి కనీసం 1,40,000 రూపాయలు అని కూడా ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 35 ఏళ్ల కూలీ. నెలకు 12,000 రూపాయల లెక్కన వేతనం తేలింది. నూర్పిడి మిషన్‌లో పడి ఒక అరచెయ్యి మొత్తం పోయింది. 12,000లో 60 శాతం 7,200. దాన్ని 197.06తో హెచ్చవేస్తే 14,18,832. చట్టంలోని గాయాల పట్టికలో ఒక చెయ్యి పోతే 60 శాతం నష్టమని ఉంది. కాబట్టి అతనికి రావాల్సింది సుమారు 8,51,300 రూపాయలు. బొటనవేలు పోతే 30 శాతం, ఒక కన్ను పోతే (రెండోది బాగుంటే) 40 శాతం, నాలుగు వేళ్లు పోతే 50 శాతం అని అదే పట్టికలో ఉంటుంది. 40 ఏళ్ల ట్రాక్టరు డ్రైవరు 15,000 వేతనం మీద చనిపోతే 7,500ను 184.17తో హెచ్చవేసి 13,81,275 రూపాయలు.

పట్టికలోని శాతమే ఆఖరు మాట అనుకోనక్కర్లేదు. ఒడిశాలోని జేపూర్‌లో ఒక సినిమా హాలు పనిలో ఒక వడ్రంగి కింద పడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. చెయ్యి ఒక్కటే కదా పోయింది అని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగి పని చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని 1975లో సుప్రీంకోర్టు తేల్చింది. పార పట్టి, మూటలు మోసి బతికే కూలీ విషయంలో న్యాయవాది ఈ తీర్పును తప్పక ఎత్తిచూపాలి.

గాయం మానేదైతే, పని చేయలేకపోయినన్ని రోజులు పదిహేను రోజులకోసారి నెల వేతనంలో 25 శాతం ఇవ్వాలి. అంటే నెలకు సగం వేతనం, గరిష్ఠంగా ఐదేళ్ల వరకు. మొదటి మూడు రోజులకు ఉండదు. అయితే 28 రోజులు లేదా అంతకు మించి పనికి దూరమైతే మొదటి రోజు నుంచీ లెక్క కడతారు. గాయం చికిత్సకు నిజంగా అయిన ఖర్చు వేరుగా ఇవ్వాలి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ ఉచితంగా జరిగినా, బయట కొన్న మందులకు, స్కానింగులకు పెట్టిన సొంత డబ్బును ఈ పద్దు కింద అడగవచ్చు. బిల్లులు ఉండాలి.

"వాడే అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడు" అనే వాదన ఇక్కడ పనికిరాదు. తాగి ఉండటం, కావాలని భద్రతా ఆదేశాన్ని మీరడం, యంత్రానికున్న రక్షణ కవచాన్ని కూలీయే తెలిసి తీసేయడం, ఈ మూడే యజమానికి మినహాయింపులు. అవి కూడా మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి వర్తించవు. నేను చూసిన మిషన్లలో చాలావాటికి షాఫ్టు మీద, బెల్టు మీద కవచం ఉండదు. కొన్న మొదటి సీజన్‌లోనే శుభ్రం చేయడానికి అడ్డమని ఊడదీసి షెడ్డులో పడేస్తారు. ఊడదీసింది సొంతదారైనప్పుడు ఆ నింద కూలీ మీద వేయలేరు. చీర కొంగు, తలగుడ్డ షాఫ్టుకు చుట్టుకుని జరిగే ప్రమాదాలు ఆ కవచం ఉంటే చాలావరకు జరగవు.

పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం

రైతులు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇది. ప్రమాదం జరగ్గానే ఊళ్లో పెద్దమనుషులు కూర్చుంటారు. రెండు లక్షలకో మూడు లక్షలకో తెగ్గొడతారు. "ఇకమీదట మాకు ఏ విధమైన సంబంధం లేదు" అని స్టాంపు కాగితం మీద రాయించి వేలిముద్ర వేయిస్తారు. రైతు అప్పు చేసి డబ్బు కడతాడు. రెండు పక్షాలూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాయి.

ఆ కాగితం చట్టం ముందు నిలవదు. పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు కూలీ రాసిచ్చే ఒప్పందం చెల్లదని చట్టంలోనే ఉంది. మరణం విషయంలో ఇంకా గట్టిగా ఉంది. పరిహారాన్ని అధికారి వద్దే జమ చేయాలి. కుటుంబానికి నేరుగా ఇచ్చినది పరిహారం చెల్లించినట్టు లెక్కకు రాదు. పాత చట్టంలో మూడు నెలల వేతనం దాకా ఇచ్చిన ముందస్తు సొమ్మును మాత్రం మినహాయించుకునే వీలుంది. అంటే ఊళ్లో మూడు లక్షలు కట్టిన రైతు, ఏడాది తర్వాత భార్యో తల్లో దావా వేస్తే మళ్లీ మొత్తం కట్టాల్సి రావచ్చు. ఈ నిబంధన రైతును వేధించడానికి పెట్టింది కాదు. ఊళ్లో ఇచ్చిన డబ్బు చాలాసార్లు చనిపోయినవాడి అన్నదమ్ముల చేతికో, అప్పులవాళ్ల చేతికో పోయి భార్యాపిల్లలకు అందదు. అధికారి వద్ద జమ అయితే ఎవరి వాటా వారికి పంచుతారు. మైనరు పిల్లల వాటాను బ్యాంకులో ఉంచే ఏర్పాటు చేస్తారు.

రాజీ పడవద్దని నేను అనడం లేదు. గాయం కేసుల్లో ఇద్దరూ ఒక మొత్తానికి ఒప్పుకుంటే ఆ ఒప్పందాన్ని అధికారి వద్ద నమోదు చేయించుకోవచ్చు. మొత్తం మరీ తక్కువగా ఉంటే, మోసం కనపడితే ఆయన తిరస్కరిస్తారు. దావా నడుస్తుండగా లోక్ అదాలత్‌లో రాజీ చేసుకున్నా అది చెల్లుతుంది. మన జిల్లాల్లో కార్మిక శాఖ ఉప కమిషనర్లు, సహాయ కమిషనర్లు ఈ పరిహార అధికారులుగా పనిచేస్తున్నారు. కోడ్‌లో ఈ అధికారికి సమర్థ అధికారి అని పేరు పెట్టారు.

పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. నెల లోపు కట్టకపోతే వడ్డీ పడుతుంది. పాత చట్టం ప్రకారం అది ఏడాదికి 12 శాతం. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో సగం దాకా జరిమానా వేయవచ్చు. బీమా ఉన్నా ఆ జరిమానా కంపెనీ కట్టదు, యజమానే కట్టాలి. తీర్పు వచ్చాక కట్టకపోతే భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. పొలం మీద భారం ఉంటుందని మొదట్లో అన్నది ఇందుకే. పైకోర్టుకు పోవాలన్నా యజమాని ముందు ఆ మొత్తం జమ చేయాలి.

ట్రాక్టరు ట్రక్కులో కూలీలు

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు మూసీ కాల్వలో పడి 15 మంది చనిపోయారు. 2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలంలో కూలీల ఆటో మీద హైటెన్షన్ తీగ తెగిపడి ఐదుగురు మహిళలు కాలిపోయారు. పనికి పోయే దారిలో జరిగే ఇలాంటి ప్రమాదాలకు యజమాని బాధ్యత ఉంటుందా అన్నది చాలాకాలం వివాదంగానే ఉంది. 2025 జూలై 29న సుప్రీంకోర్టు దీనికి సమాధానం చెప్పింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ రాత్రి కాపలాదారు 2003లో డ్యూటీకి పోతూ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ప్రమాదం జరిగిన సమయానికి, చోటుకు, పనికి సంబంధం కనపడితే ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్లే ప్రయాణం కూడా పనిలో భాగమేనని కోర్టు చెప్పింది. ఆ కుటుంబం 22 ఏళ్లు ఎదురుచూసింది. కోడ్‌లోనూ ఇదే మాట రాసి ఉంది. రైతు సొంత ట్రాక్టరు పంపి కూలీలను ఎక్కించుకొస్తే ఆ సంబంధం చూపడం ఇంకా తేలిక.

ట్రాక్టరుకు బీమా ఉంది కదా అని నిశ్చింతగా ఉండవద్దు. ట్రాక్టరు మీద డ్రైవరుకు ఒక్క సీటే ఉంటుంది, మడ్‌గార్డు మీద కూర్చున్నవారికీ ట్రక్కులో ఎక్కినవారికీ మా పాలసీ వర్తించదని కంపెనీలు దాదాపు ప్రతి కేసులోనూ వాదిస్తాయి. చాలాసార్లు ఆ వాదన నెగ్గుతుంది. ముందు మీరు కట్టండి, తర్వాత సొంతదారు నుంచి వసూలు చేసుకోండి అని కొన్ని కేసుల్లో కోర్టులు కంపెనీని ఆదేశిస్తాయి. ఎటు తిరిగినా చివరికి భారం సొంతదారుదే. బాధిత కుటుంబానికి మాత్రం ఇక్కడ రెండు దారులున్నాయి. మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, లేదా ఈ పరిహారం అడగవచ్చు. రెండూ కుదరవు. ఏది లాభమో ముందే న్యాయవాదితో లెక్క వేయించుకోవాలి.

గాయపడిన కూలీ చేయాల్సినవి

మొదటి గంటలో చెప్పే మాటే ఏడాది తర్వాత కేసును నిలబెడుతుంది, లేదా పడగొడుతుంది. ఆసుపత్రిలో "ఇంట్లో జారిపడ్డాడని చెప్పు, ఖర్చంతా నేను చూసుకుంటా" అని కూలీకి చెప్పించే అలవాటు మన ఊళ్లలో ఉంది. అలా చెప్పవద్దు. ఎవరి పొలంలో, ఏ మిషన్ దగ్గర, ఎన్ని గంటలకు జరిగిందో డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, మెడికో లీగల్ కేసుగా రాయించాలి. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి. మరణమైతే పోస్టుమార్టం జరగాలి. బంధువులు "శవాన్ని కోయించడం ఎందుకు" అని అడ్డుపడితే నచ్చజెప్పాలి, అది లేకుండా ప్రమాదాన్ని నిరూపించడం చాలా కష్టం. మిషన్ ఫొటో, తోటి కూలీల పేర్లు, ఫోన్‌పేలో కూలి పడిన వివరాలు, మేస్త్రి చిట్టా దాచుకోవాలి.

యజమానికి వీలైనంత త్వరగా రాతపూర్వకంగా తెలియజేయాలి. దావాకు రెండేళ్ల గడువు ఉంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని అధికారి మన్నించవచ్చు, కానీ దాని మీద ఆధారపడవద్దు. దావాను ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, తాను ఉండే ప్రాంతంలోని అధికారి వద్ద కూడా వేయవచ్చు. మిర్చి కోతలకు ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి గుంటూరు జిల్లాకు వలస వచ్చే కూలీలకు ఇది పెద్ద ఊరట. వాయిదాలకు గుంటూరు తిరగనక్కర్లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. సహాయానికి 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. గెలిచిన సొమ్ములో వాటా అడిగే మధ్యవర్తుల దగ్గరికి పోకముందే ఈ ఫోన్ చేయండి.

రైతు ముందుగా చేసుకోవాల్సినవి

మూడెకరాల రైతుకు ఎనిమిది లక్షల బాధ్యత అంటే బతుకు తలకిందులైనట్టే. అందుకే ట్రాక్టరు, నూర్పిడి మిషన్ ఉన్నవారు, సీజన్‌లో ముఠాలను పెట్టి మందు కొట్టించేవారు సాధారణ బీమా కంపెనీలు అమ్మే ఉద్యోగుల నష్టపరిహార పాలసీ గురించి అడగాలి. పేర్లు రాయకుండా ఇంతమంది పనివాళ్లు, ఇంత కూలి అని చెప్పి కూడా తీసుకోవచ్చు. ట్రాక్టరు పాలసీ తీసుకునేటప్పుడు, జీతం మీద పనిచేసే డ్రైవరుకు చట్టపరమైన బాధ్యత కవరు ఉందో లేదో రసీదులో చూసుకోవాలి. దీనికయ్యే అదనపు ప్రీమియం చాలా తక్కువ, ఏజెంటు అడగనిదే చెప్పడు.

తెలంగాణలో రైతుబీమా ఉంది కదా అని కొందరు అడుగుతారు. అది పట్టా ఉన్న రైతు చనిపోతే అతని కుటుంబానికి వచ్చేది, కూలీకి సంబంధం లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమా మాత్రం కూలీకి పనికొస్తుంది. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వయసు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ప్రమాద మరణానికి 2 లక్షలు ఇస్తారు. పాము కాటుకు, చెట్టు మీద నుంచి పడటానికి ఆసుపత్రి రికార్డు ఉంటే సరిపోతుంది కాబట్టి, పైన చెప్పిన కలుపు కూలీకి ఇది కూడా కొంత రక్షణ. మీ దగ్గర క్రమంగా పనిచేసే పదిమంది పేర్ల మీద ఏడాదికి 200 రూపాయలు మీరే కట్టించినా మంచిదే. అయితే దాంతో మీ చట్టపరమైన బాధ్యత తీరిపోయినట్టు కాదు. ఆ 2 లక్షలు కూలీ సొంత బీమా సొమ్ము, పరిహారం దానికి వేరు. ఈ బీమా ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది, మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే పాలసీ ఆగిపోతుంది. ఖరీఫ్ దుక్కులు మొదలయ్యేదీ అప్పుడే కాబట్టి, కూలీలతో మాట్లాడుకునే రోజే బ్యాంకు పాస్‌బుక్ చూసి ఆ 20 రూపాయలు కట్ అయ్యాయో లేదో అడిగి తెలుసుకోండి.